దమ్ము గుంజుడే గాని ఇడువుడు రాదు

మహబూబ్‌నగర్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని నేను. డార్క్‌రూమ్‌లో హైపో అనే రసాయనం వాసన మధ్య ఫిల్ములు కడిగిన కాలం నుంచి, బటన్ నొక్కగానే తెర మీద బొమ్మ తేలే ఈ కాలం దాకా ఇదే పని. ఈ పనిలో పెద్దగా మాటలుండవు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా నోట్లో నలిగేవి మూడే మాటలు. దమ్ము గుంజు, పట్టు, ఇడువు. మక్తల్ నుంచి కొడుకు చెయ్యి పట్టుకొని వచ్చిన అవ్వకైనా, జడ్చర్ల నుంచి ఉద్యోగం ఫిట్‌నెస్ కోసం వచ్చిన పిల్లగాడికైనా అవే.

ఛాతీ ఎక్స్‌రే ఎలా తీస్తారో తీయించుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మెడలో ఉన్నవన్నీ తీయాలి. పుస్తెలతాడు తీయనంటే తీయననే వాళ్లుంటారు, వాళ్లు దాన్ని పైకి లాగి పళ్ల మధ్య కరచుకుంటారు, నేనూ సరేనంటాను. జడ పైకి ముడివేయాలి. గడ్డం ప్లేటు పైన ఆనించి, చేతులు నడుము మీద పెట్టి, మోచేతులు ముందుకు తేవాలి. అప్పుడే భుజం రెక్కలు ఊపిరితిత్తులకు అడ్డు రాకుండా పక్కకు పోతాయి. ఎక్స్‌రే వచ్చే గొట్టం ఆరడుగుల వెనక ఉంటుంది. ఇంతవరకు అందరూ చక్కగా చేస్తారు. చిక్కంతా ఆ తర్వాతే.

"దమ్ము గుంజు" అనగానే చాలామంది భుజాలు చెవుల దాకా లేపుతారు, పొట్టేమో వెన్నుకు అంటుకునేలా లోపలికి లాక్కుంటారు. చూడటానికి ఎంతో గాలి పీల్చినట్టే ఉంటుంది. తెర మీద చూస్తే ఏమీ ఉండదు. ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులా ఉండే డయాఫ్రం అనే కండరం కిందికి దిగితేనే ఊపిరితిత్తులు అడుగు దాకా తెరుచుకుంటాయి. పొట్ట బిగబడితే అది దిగేదెక్కడికి? బాగా వచ్చిన ఫిల్ములో వెనకవైపు పక్కటెముకలు తొమ్మిదో పదో డయాఫ్రం పైన లెక్కకు రావాలి. ఏడెనిమిది దగ్గరే ఆగిపోతే ఆ మనిషి గాలి చాలినంత తీసుకోలేదన్నమాట. అప్పుడు గుండె ఉన్నదానికంటే పెద్దగా కనబడుతుంది, ఊపిరితిత్తుల అడుగుభాగం మసకేస్తుంది. లేని జబ్బు ఉన్నట్టు అనుమానం పుడుతుంది. మళ్లీ నిలబెట్టి మళ్లీ తీయాలి.

నాకు పని నేర్పిన సీనియర్ ఒక కిటుకు చెప్పాడు. గుంజమనే ముందు, లోపల ఉన్నదంతా ఇడువమను అని. నిజంగానే పనిచేస్తుంది. "ముందు ఉఫ్‌మని మొత్తం ఊది పారెయ్ పెద్దమ్మా, ఇప్పుడు ముక్కుతోని గుంజు" అంటే అదే మనిషి ఇంకో రెండు పక్కటెముకల మేర గాలి తీసుకుంటుంది. ఇన్నేళ్లుగా మనుషుల ఊపిరి చూస్తూ చూస్తూ నాకు కుదిరిన అభిప్రాయం కూడా ఇదే. గాలి తీసుకోవడం రానివాళ్లు తక్కువ. వదలడం రానివాళ్లే ఎక్కువ. ఊపిరి గురించి ఎవరు సలహా ఇచ్చినా "గట్టిగా గాలి పీల్చుకో" అంటారే గాని, నిదానంగా వదులు అన్నవాణ్ని నేను పెద్దగా చూడలేదు.

దీనికో చిన్న లెక్క ఉంది, మాకు డిప్లొమాలో చెప్పిందే. మామూలుగా కూర్చున్న మనిషి ఒక్క శ్వాసకు అర లీటరు, అంటే 500 మిల్లీలీటర్ల గాలి తీసుకుంటాడు. అందులో దాదాపు 150 మిల్లీలీటర్లు ముక్కు, గొంతు, గాలిగొట్టం దగ్గరే ఉండి వెనక్కి వచ్చేస్తుంది, రక్తానికి అందదు. నిమిషానికి 12 సార్లు నిదానంగా తీసుకుంటే మొత్తం 6 లీటర్లు, అందులో పనికొచ్చేది 4.2 లీటర్లు. అదే నిమిషానికి 24 సార్లు, సగం సగం శ్వాసలు తీశామనుకోండి. మొత్తం అప్పుడూ 6 లీటర్లే. కానీ ప్రతి శ్వాసలో 150 పోతే మిగిలేది 100. 24 సార్లకు కలిపి 2.4 లీటర్లు. రెండింతలు కష్టపడి సగానికి కొంచెం ఎక్కువ సంపాదించడం. భుజాలతో ఊపిరి తీసేవాళ్లు సాయంత్రానికి మెడ నొప్పి అంటారు, ఒళ్లు అలసట అంటారు. ఊపిరి తీయడం కూడా కండరాలు చేసే పనేనన్న సంగతి తోచదు.

అసలు వదలలేకపోవడం అంటే ఏమిటో చూడాలంటే సీఓపీడీ, అంటే గాలిగొట్టాలు పాడై ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, ఉన్నవాళ్ల ఫిల్ము చూడాలి. ఊపిరితిత్తులు పొడుగ్గా, నల్లగా సాగిపోయి ఉంటాయి. గుమ్మటంలా ఉండాల్సిన డయాఫ్రం చదునుగా అయిపోయి ఉంటుంది. గుండె సన్నబడి మధ్యలో వేలాడుతుంటుంది. వీళ్లకు పక్కటెముకలు పదకొండు కూడా లెక్కకొస్తాయి. "దమ్ము గుంజు" అని నేను అడగాల్సిన పనే లేదు, అప్పటికే నిండిపోయి ఉన్నారు. కానీ వాళ్లనడిగితే "గాలి అందుత లేదు బిడ్డా" అంటారు. పాతగాలి బయటికి పోలేదు కాబట్టి కొత్తగాలికి లోపల చోటు లేదు. పాడైన సన్నటి గాలిగొట్టాలు ఊపిరి వదిలేటప్పుడు ముందే మూసుకుపోతాయి.

కోయిలకొండ వైపు నుంచి ఒక అవ్వ అప్పుడప్పుడూ వస్తుంది. జన్మలో బీడీ ముట్టలేదు. పొయ్యి మాత్రం చిన్నప్పటి నుంచీ పత్తికట్టె, కందికట్టె, పిడకలతోనే. వానాకాలంలో తడిసిన కట్టె అంటుకోకపోతే ఇనుప గొట్టం పెట్టి ఊదుతారు కదా, అది ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? రొమ్ములో ఉన్న గాలంతా ఖాళీ అయ్యేదాకా ఊది, తల పక్కకు తిప్పేంత ఓపిక లేక, అక్కడే పొగలోనే నిండా ఒక ఊపిరి గుంజుతారు. రోజులో అన్నిటికంటే లోతైన ఊపిరి, అన్నిటికంటే మురికి గాలి. రెండూ ఒక్కచోటే. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల వచ్చింది, సిలిండరు లేని ఇల్లు ఇప్పుడు తక్కువే. అవ్వ ఇంట్లోనూ ఉంది. కానీ స్నానాల నీళ్లు వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి మీదే. జొన్నరొట్టె సంగతి ఎత్తితే కోపమొస్తుంది. "గ్యాస్ మీద కాలిన రొట్టె రొట్టేనా?" అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు, నేనూ పాలమూరోణ్నే.

ఆమెకు డాక్టరు చెప్పిన ఊపిరి పద్ధతిని బయట బల్ల మీద కూర్చోబెట్టి నేనొకసారి చేయించాను. నోరు మూసి ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి తీసుకోవాలి. పెదాలు సున్నా చుట్టి నాలుగు అంకెలు వచ్చేంతసేపు మెల్లగా వదలాలి.

"చాయి ఊదినట్టా బిడ్డా?"

"గట్లనే అవ్వా. గని ఇంకా మెల్లగ. చాయి సల్లారొద్దు."

నవ్వింది, నవ్వితే దగ్గొచ్చింది, తగ్గాక మళ్లీ చేసింది. పెదాల దగ్గర గాలికి కాస్త అడ్డు పెడితే లోపల గొట్టాల్లో ఒత్తిడి నిలిచి అవి తొందరగా మూసుకుపోవు. పాతగాలి ఇంకొంచెం బయటికి పోతుంది. మందులకు బదులు కాదు, మందులతో పాటు. బావి దగ్గర నుంచి బిందె మోసుకొచ్చినప్పుడో, మెట్లెక్కినప్పుడో ఆయాసం రాగానే చేసుకోవడానికి.

ఇన్‌హేలర్‌ది కూడా ఇదే కథ. "పంపు అలవాటయితది" అని భయపడి మానేసేవాళ్లు కొందరు. వాడేవాళ్లలో చాలామంది నోట్లో పెట్టుకోగానే ఠక్కున నొక్కేస్తారు. ముందు గాలంతా వదలాలి. తర్వాత నొక్కుతూ నిదానంగా పీల్చాలి, పీల్చాక పది సెకన్లు ఆపాలి. మొదటి మెట్టు దాటవేస్తే ఊపిరితిత్తులకు చేరే మందు తగ్గిపోతుంది.

ఇక బీడీల తాతల సంగతి. ఒకాయన ఈ పెదాల పద్ధతి ఎంత శ్రద్ధగా నేర్చుకున్నాడంటే, పోయినసారి వచ్చినప్పుడు క్యూలో ఉన్న వాళ్లకు కూడా నేర్పుతున్నాడు. జేబులో కట్ట అలాగే ఉంది. "ఇడిశేటిది నువ్వు చెప్పినట్టే ఇడుస్తున్న సారూ, గుంజేటిదాని సంగతి అడగకు" అన్నాడు.

ఊపిరి పద్ధతులు అక్కరకు రాని ఫిల్ములు కొన్ని ఉన్నాయి, వాటి గురించి చెప్పకపోతే ఇదంతా ఉత్త యోగా ఉపన్యాసమే అవుతుంది. పలుగురాయి పొడి కొట్టే మిల్లుల్లో, రాళ్లు కోసే చోట, క్రషర్ల దగ్గర పనిచేసి వచ్చినవాళ్లవి. ఊపిరితిత్తుల పైభాగమంతా ఆవాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. సిలికా దుమ్ము లోపలికి పోయి మచ్చలు కడుతుంది, ఆ మచ్చలు మళ్లీ పోవు, టీబీ కూడా వాళ్లకు తొందరగా అంటుకుంటుంది. ముఖానికి రుమాలు కట్టుకున్నా సన్న దుమ్ము ఆగదు. రాయిని తడిపి కొట్టాలి, దుమ్ము లాగే యంత్రాలు పెట్టాలి, సరైన మాస్కులు ఇవ్వాలి. అది కూలివాడి అలవాటు మీద పెట్టే భారం కాదు, యజమాని పని. ముప్పై దాటని మనిషి ఫిల్ము అలా వచ్చిన రోజు నాకు ఇంటికి పోయినా ఏమీ తోచదు.

దీనికి పూర్తిగా ఎదురు పక్షం ఒకటుంది. గ్రూప్స్‌కు చదివే పిల్లలు, పెళ్లి కుదిరిన పిల్లలు, అప్పు తీర్చాల్సినవాళ్లు. ఛాతీలో పట్టేసినట్టుంది, గుండె దడ, వేళ్లు తిమ్మిరి, పెదాల చుట్టూ చీమలు పాకినట్టు, కళ్లు తిరుగుతున్నాయి అని వస్తారు. ఈసీజీ బాగుంటుంది, ఎక్స్‌రే బాగుంటుంది. కానీ నా ముందు నిలబడ్డ ఆ కాసేపట్లోనే రెండు మూడు నిట్టూర్పులు విడుస్తారు, మధ్యలో గబగబా ఊపిరి. వీళ్లు అవసరానికి మించి గాలి మారుస్తున్నారు. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. అది ఉత్త చెత్త అనుకుంటాం గాని, అది మరీ తగ్గితే మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు కుంచించుకుపోతాయి. కళ్లు తిరిగేది అందుకే. ఒంట్లో ఆక్సిజన్ నిండుగానే ఉంటుంది. అప్పుడు చుట్టూ చేరిన జనం "గట్టిగా గాలి పీల్చుకో, గట్టిగా గాలి పీల్చుకో" అని అరుస్తారు. ఉన్న బాధను ఇంకా పెంచే సలహా అది. కాగితం సంచిలో ఊపిరి తీయమనే పాత చిట్కా కూడా వద్దు. ఒకవేళ అది ఆస్తమానో గుండె జబ్బో అయితే ప్రాణం మీదికొస్తుంది. పక్కన కూర్చొని, చెయ్యి పొట్ట మీద పెట్టించి, నోరు మూసి నిదానంగా చిన్నగా తీసుకొని ఇంకా నిదానంగా వదలమనడమే. మొదటిసారి ఛాతీ నొప్పి వచ్చినప్పుడు మాత్రం ఇది టెన్షనేలే అని మనకు మనం తీర్పు ఇచ్చుకోకూడదు. ముందు ఈసీజీ.

ఇదే కార్బన్ డయాక్సైడ్ గురించి ఎండాకాలం వస్తే ఇంకో భయం నాకు. ఊపిరి బిగబట్టినప్పుడు "ఇంక చాలు, గాలి తీసుకో" అని మెదడు తొందరపెట్టేది ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు. వ్యవసాయ బావుల్లో దూకే పిల్లలు నీళ్ల కింద ఎక్కువసేపు ఉండాలని పందెం కట్టి, మునిగే ముందు గబగబా పది ఇరవై ఊపిరులు తీస్తారు. ఆక్సిజన్ దాచుకుంటున్నామని వాళ్ల ఆలోచన. నిజానికి జరిగేది ప్రమాదాన్ని చెప్పే గంటను తీసి పక్కన పెట్టడం. గాలి కావాలనే తపన పుట్టకముందే ఆక్సిజన్ అడుగంటి నీళ్లలోనే స్పృహ తప్పుతుంది. ఈత బాగా వచ్చిన పిల్లలు కూడా ఇలాగే పోతారు. ఇంట్లో పిల్లలుంటే ఒక్కసారి చెప్పండి.

పిల్లలంటే గుర్తొచ్చింది. ఎప్పుడూ నోరు తెరిచే ఉండే పిల్లల్ని అడినాయిడ్స్, అంటే ముక్కు వెనక ఉండే మెత్తటి కండ, ఎంత పెరిగిందో చూసే ఎక్స్‌రే కోసం పంపుతారు. మెడకు పక్కగా తీసే ఫిల్ము అది. నోరు మూసి ముక్కుతో గాలి తీస్తున్నప్పుడే తీయాలి. ఏడ్చినా, గుటక వేసినా, నోరు తెరిచినా మెత్తటి అంగిలి పైకి లేచి, ఉన్నదాని కంటే ఎక్కువ అడ్డు ఉన్నట్టు కనబడుతుంది. నోరు మూయలేకనే వచ్చిన పిల్లవాణ్ని నోరు మూసుకొమ్మనడం! ఒక చేత్తో చాక్లెట్ చూపిస్తూ, ఆ పిల్లవాడి ముక్కుపుటాలు కదిలే క్షణం కోసం కాచుకొని బటన్ నొక్కాలి. తల్లులు అనేది ఒకటే, "అలవాటు సార్, ఎంత చెప్పినా నోరు మూయడు." అలవాటు కాదమ్మా, ముక్కు మూసుకుపోయింది. నోటి ఊపిరితో నోరెండిపోతుంది, పళ్లు పుచ్చుతాయి, రాత్రి గురక, నిద్ర చాలక బడిలో చికాకు. ముందు ముక్కు సంగతి చూడాలి. ఈమధ్య రీల్స్‌లో నోటికి ప్లాస్టర్ వేసుకొని పడుకునేవాళ్లను చూపిస్తున్నారు. ముక్కు మూసుకుపోయినవాళ్లు, గురకలో ఊపిరి ఆగిపోయేవాళ్లు దాని జోలికి పోకూడదు. పిల్లలకైతే అసలే వద్దు.

ముక్కు ఊరికే ఉన్న రెండు రంధ్రాలు కాదు. గాలిని వెచ్చచేస్తుంది, తడి చేస్తుంది, దుమ్ము పడుతుంది. రెండు ముక్కుపుటాలు వంతులవారీగా పనిచేస్తాయి. ఒకటి బాగా తెరుచుకుంటే రెండోది కాస్త బిగుస్తుంది, కొన్ని గంటలకు మారతాయి. దీన్ని కైజర్ అనే జర్మన్ వైద్యుడు 1895లో రాశాడు. రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టింది కూడా ఆ ఏడే, అందుకని నాకు తేదీ మరిచిపోయే సమస్య లేదు. ముక్కు పక్కన ఎముకల్లో ఉండే సైనస్ గదుల్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారై, ముక్కుతో పీల్చినప్పుడు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి అక్కడి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. నోటితో పీలిస్తే ఆ లాభం పోతుంది. నోరు మూసుకొని గుమ్మని రాగం తీస్తూ ఊపిరి వదిలితే ముక్కులో ఆ వాయువు ఉత్తగా వదిలినప్పటి కంటే 15 రెట్లు పెరుగుతుందని 2002లో స్వీడన్ పరిశోధకులు కొలిచి చెప్పారు. మన భ్రామరి ప్రాణాయామం అదే కదా, తుమ్మెద నాదంతో నిదానంగా వదలడం.

ఇక నా సంగతి. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. రోజంతా పక్కవాళ్లకు "పట్టు" అంటూ నేను కూడా వాళ్లతో పాటే ఊపిరి బిగబడతానని మా ఆవిడ ఒకరోజు సెంటర్‌కు వచ్చినప్పుడు కనిపెట్టింది. "వాళ్లను ఇడువమన్నవు, నువ్వెప్పుడు ఇడుస్తవు?" అని అడిగింది. ఫోన్‌లో మెసేజ్ చదివేటప్పుడు కూడా అంతేనట. అప్పటి నుంచి రాత్రి అన్నం తిన్నాక కాసేపు డాబా మీద కూర్చుంటాను. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు లోపలికి, ఆరు లెక్కపెట్టేంతసేపు బయటికి. నిమిషానికి ఆరు శ్వాసలు వస్తాయి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది, మణికట్టు దగ్గర నాడి పట్టుకుంటే మీకే తెలుస్తుంది. కాబట్టి వదలడం ఎంత పొడుగైతే గుండెకు అంత విశ్రాంతి. 2001లో ఇటలీ పరిశోధకులు ఇంకో తమాషా చూశారు. లాటిన్‌లో మేరీమాత జపమాల తిప్పినా, బౌద్ధుల 'ఓం మణి పద్మే హుం' జపించినా ఊపిరి తనంతట తానే నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చిందట. మతాలు వేరైనా ఊపిరి లెక్క ఒకటే.

బతుకమ్మ ఆడేటప్పుడు ఒకామె చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటారు. ఆ అందుకునే సందులోనే పాడే ఆమె గాలి తీసుకుంటుంది. చరణమంతా వదలడమే. మా అమ్మ డెబ్బై దాటాక కూడా ఆయాసం రాకుండా గంటసేపు పాడేది. నా మాత్ర మాత్రం డాక్టరు మానమనలేదు, నేను మానలేదు. బీపీ కొద్దిగా దిగింది, నిద్ర బాగా పడుతోంది, అంతవరకే నేను చెప్పగలిగేది.

చివరగా ఒక సమాచారం. ఎక్స్‌రే ఊపిరితిత్తుల బొమ్మ చూపిస్తుంది గాని, అవి ఎలా పనిచేస్తున్నాయో పూర్తిగా చెప్పదు. ఆయాసం నెలల తరబడి ఉంటే స్పైరోమెట్రీ చేయించమనండి. మా పక్క గదిలో చేసే పరీక్ష అది. ముక్కుకు క్లిప్పు పెట్టి, నిండా పీల్చి, గొట్టంలోకి ఒక్క ఉదుటున ఊది, కనీసం ఆరు సెకన్లు ఆపకుండా ఊదుతూనే ఉండాలి. మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చింది, మొత్తంలో అది ఎంత వంతు అని చూస్తారు. మందు పీల్చాక కూడా అది 70 శాతం కంటే తగ్గితే సీఓపీడీ అని అనుమానిస్తారు. అక్కడ పనిచేసే అమ్మాయి "ఊదు ఊదు ఊదు, ఇంకా ఊదు" అని అరిచే అరుపులు నా గదిలోకి వినబడుతుంటాయి. నా దగ్గర లైన్లో ఉన్నవాళ్లు గాబరాపడి "అక్కడ ఏం చేస్తున్రు సారూ?" అని అడుగుతారు. "ఏం లేదు, ఇడిశిపెట్టుడు ఎంత వస్తదో చూస్తున్రు" అని చెప్పి గడ్డం ప్లేటు మీద ఆనించమంటాను.